పింగాణీ ఫ్యూజుల టేకు బోర్డు

బందరులో మా పెద్దమ్మ ఇంటి నడవాలో ఉన్న మెయిన్ బోర్డు వయసులో నాకంటే పెద్దది. మూరెడు టేకు పెట్టె, అందులో నాలుగు పింగాణీ ఫ్యూజులు, పక్కన 15 యాంపియర్ల ఇనప మెయిన్ స్విచ్. అక్కణ్నుంచి గదుల్లోకి టేకు బద్దల మీదుగా సాగిన రబ్బరు తొడుగు వైర్లు. ఈ వేసవిలో రెండో ఏసీ మాట రాగానే బోర్డు మార్చాలా వద్దా అన్న తగువు మొదలైంది. హైదరాబాదులో ఉన్న కొడుకు "మొత్తం పీకించెయ్యమ్మా" అంటాడు. "ఉప్పెన రాత్రికే చెక్కుచెదరలేదురా" అంటుంది ఆవిడ. 1977 నవంబరు 19 సంగతి అది.

గుడివాడ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ పెట్టె తలుపు తీసి, స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంచుకుని కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నాకూ చూపించాడు. బద్దల మీద క్లిప్పులు బెత్తెడుకొకటి, దారం పట్టి కొట్టినట్టున్నాయి. మూలల్లో వైరును విరవకుండా గుండ్రంగా తిప్పారు. మరలన్నీ ఇత్తడివి. తర్వాతెప్పుడో రిపేరుకొచ్చినవాడు బిగించిన ఇనప మర ఒక్కటే ఉప్పుగాలికి తుప్పుపట్టి పొరలు విచ్చుకుంది. ఆ తొలి పనివాడి పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

పింగాణీ ఫ్యూజు బాగుచేయడానికి మెయిన్ ఆపేసి, కాస్త తీగ చుట్టగల చెయ్యి ఉంటే చాలు. ఆ సుళువే కొంప ముంచింది. ఫ్యూజు తీగ దొరకని రాత్రి ఎవరో రాగిపోగు చుట్టారు, ఇంకోసారి రెండు పోగులు. ఇక అది కరగదు, గోడమీది వైరు వేడెక్కుతుంది. "ఫ్యూజు కాపాడేది ఫ్యానును కాదండీ, వైరును" అన్నాడతను.

లెక్క చిన్నదే. ఒకటిన్నర టన్నుల ఏసీకి 7, 8 యాంపియర్లు, 2 కిలోవాట్ల గీజరుకు దాదాపు 9. రెండు ఏసీలూ గీజరూ కలిస్తేనే పాత మెయిన్ తాళదు. చాలామంది ఇక్కడే ఆగి ఫ్యూజు బదులు పెద్ద ఎంసీబీ తగిలిస్తారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 యాంపియర్ల ఎంసీబీ పెట్టడమంటే రాగిపోగు చుట్టడమే, చూపుకు మాత్రం నీటుగా ఉంటుంది. ఇతను అలా చేయలేదు. వైరు తొడుగు పటుత్వం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూటూ పరీక్షించాడు. వంటింటి వైరుకు ఒక మెగోమ్ కూడా రాలేదు. తొడుగు వేలితో నలిపితే పొడిగా రాలింది. దాంతో తగువు తెగింది: బోర్డుతోపాటు వైర్లూ మారాలి.

కొత్త పనిలో నేను ముచ్చటపడింది న్యూట్రళ్ల దగ్గర. పాత బోర్డు వెనక అవన్నీ ఒకే ముడి. కొత్త బోర్డులో పెట్టే ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదాన్నీ సరిచూసి, తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరితే లైను కోసేస్తుంది. దాని కింది న్యూట్రల్ బయటి న్యూట్రల్‌తో కలిస్తే ఊరికే పడిపోతుంటుంది. విసిగి దాన్ని తీయించేసిన ఇళ్లు నాకు తెలుసు. ఇతను తడి తగిలే వంటిల్లు, బాత్రూము, మోటారుకు ఒక ఆర్‌సీసీబీ, మిగతా ఇంటికి ఇంకొకటి పెట్టాడు. ప్రతి ఫేజుకూ దాని న్యూట్రల్‌కూ ఒకే అంకె తొడిగాడు. కొసలకు లగ్గులు నొక్కి, మర బిగించి, ఒక్కోదాన్నీ లాగి చూశాడు. ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 యాంపియర్ల ఎంసీబీ. మోటారుకు సి రకం, తిరగడం మొదలెట్టేటప్పుడు అది గుంజే కరెంటును క్షణకాలం ఓర్చుకుంటుంది కాబట్టి. అంత చక్కటి తీగల వరస తలుపు వెనక దాగిపోయిందే అని నాకు కాస్త బాధ.

చివర్న ఎర్తు. మామూలుగా గుంతలో బొగ్గూ ఉప్పూ పోస్తారు, మట్టి కరెంటును బాగా లాక్కోవాలని. ఇక్కడ నేలే ఉప్పు. లాక్కుంటుంది, పైపునూ తినేస్తుంది. తవ్వితే మా జీఐ పైపు చేతిలో పెంకుల్లా రాలింది. "నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర ఇంకా తొందరగా పోతుందండీ" అన్నాడు. రాగి పూత కడ్డీ దింపి, పైన మూత తీసి చూసుకునేలా చిన్న తొట్టి కట్టాడు.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద 'టి' అని రాసిన మీటను నెలకోసారి నొక్కండి. కరెంటు పోకపోతే అదే రోజు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.