మాభూమి: నాయకలక్షణ విచారము

కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' యాధారముగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో నిర్మింపఁబడిన 'మాభూమి' చలనచిత్రము అభ్యుదయ సాహిత్యోద్యమ ఫలము. ఎర్రుపాలెమునకుఁ బొరుగైన మధిర సీమకును వ్యాపించిన 1946–51 నాఁటి తెలంగాణ రైతాంగ పోరాటమే యిందలి వస్తువు.

దశరూపకము నాయకునకుఁ ద్యాగము, స్థైర్యము, యౌవనము మున్నగు గుణములతోఁ బాటు ప్రసిద్ధవంశమును విధించినది. రామయ్య పేదరైతు కొడుకు. అతనికి వంశప్రసిద్ధి లేదు, తక్కిన గుణములు కలవు. అయినను వీరరసమునకు లోపము కలుగలేదు. దొర యాలంబనము, వెట్టి యుద్దీపనము, రామయ్య యుత్సాహము స్థాయి. అతని మరణమునఁ దోఁచు కరుణ మంగము మాత్రమే.

బండి యాదగిరి పాటను గద్దరు పాడు ఘట్టము, భరతుఁడు చెప్పిన ధ్రువాగానమువలెఁ బాత్రలకు వెలుపల నిలిచి భావమును బోషించును. నగరఘట్టమున మాత్రము బోధ హెచ్చి రసము సన్నగిల్లినది.

కావున రసమునకు గుణమే కారణము గాని వంశము కాదని యీ చిత్రము నిరూపించుచున్నది. లక్షణము లక్ష్యము ననుసరింపవలయును గదా!