‘ఇనుము దొంగలు’: ఒక శాస్త్రరూపకముపై విమర్శ

శాస్త్రవాఙ్మయమున రూపకమునకు చోటు లేదని పలువురి నమ్మకము. కాని రోగకారకములగు బాక్టీరియాలు మానవశరీరమునుండి ఇనుము గ్రహించు తీరును వర్ణించు వ్యాసములను పరిశీలించినచో ఆ నమ్మకము నిలువదు. దొంగతనము, దోపిడి, మాఱువేషము అను మాటలు వానిలో తఱచుగా కనబడును. ‘సైన్స్’ పత్రికలో 2014లో వెలువడిన ఒక వ్యాసపు శీర్షికలోనే సముద్రపు దొంగల దోపిడి ప్రస్తావన కలదు. ఈ రూపకము విషయమును ఎంతవఱకు వెలిగించుచున్నది, ఎచ్చట మఱుగుపఱచుచున్నది అనునది విచారింపదగిన ప్రశ్న.

వయోజనుని శరీరమున సుమారు 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉండును. అందు మూడింట రెండు పాళ్లు హిమోగ్లోబిన్‌లోనే ఇమిడియుండును. రక్తద్రవమున తిరుగునది ట్రాన్స్‌ఫెరిన్ అను ప్రోటీను పట్టులోను, కణములలో నిలువయుండునది ఫెరిటిన్‌లోను ఉండును. విడిగా దొరకు ఇనుము దాదాపు శూన్యము. బాక్టీరియాలలో అత్యధికభాగమునకు ఇనుము లేనిదే పెరుగుదల లేదు.

రూపకమునకు బలము ఇచ్చటనే కలదు. కొన్ని బాక్టీరియాలు సైడిరోఫోర్లు అను చిన్న అణువులను వెలికి పంపి, ట్రాన్స్‌ఫెరిన్ పట్టునుండి ఇనుమును లాగి, తిరిగి లోనికి గ్రహించును. 1970లో ప్రకటింపబడిన ఎంటరోబాక్టిన్ ఇట్టిది. శరీరము సైడిరోకాలిన్ అను ప్రోటీనుతో దానిని పట్టివేయును. సాల్మొనెల్లా ఆ అణువునకు చక్కెరను తగిలించి పట్టు తప్పించును. మెదడుపొరల వాపు కలిగించు నైసీరియా తానుగా సైడిరోఫోర్లను తయారుచేయదు. మానవుని ట్రాన్స్‌ఫెరిన్‌నే తన ఉపరితలమున పట్టి ఇనుము తీసికొనును. స్టెఫిలోకాకస్ ఆరియస్ ఎఱ్ఱకణములను చిదిపి హిమోగ్లోబిన్‌లోని హీమ్‌ను గ్రహించును. ఈ వరుస చదివినవారికి దొంగ, కావలివాడు అను కథ సహజముగనే తోచును.

దోషము వేఱొకచోట నున్నది. ‘దొంగతనము’ అను మాట దొంగనే కథానాయకుని చేయును. సొత్తుగలవాడు నిద్రించుచున్నట్లు స్ఫురింపజేయును. షేడ్, కెరొలైన్ అను పరిశోధకులు 1944లో గ్రుడ్డు తెల్లసొనయందును, 1946లో మానవరక్తమందును ఇనుమును పట్టియుంచు ప్రోటీను బాక్టీరియాల పెరుగుదలను అడ్డగించుననియు, ఇనుము అదనముగా చేర్చినచో ఆ అడ్డు తొలగుననియు చూపిరి. అంటువ్యాధి సోకినపుడు కాలేయము హెప్సిడిన్ అను హార్మోనును అధికముగా విడుదల చేయును. దానిచే ఇనుము కణములలోనే నిలిచి రక్తద్రవమున తగ్గును. ఈ తగ్గుదల శరీరము తనంతట వేసికొన్న తాళము. దీనిని దోపిడి ఫలితమని చదువుట పొరపాటు.

మాటలోని పొరపాటు చికిత్సకును ప్రాకగలదు. దోచినదానిని భర్తీ చేయవలెనని ‘దొంగతనము’ సూచించును. సోమాలీ సంచారజీవులపై జరిగి 1978లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఇనుము ఇచ్చినవారికే మలేరియా, బ్రూసెల్లోసిస్, క్షయ మొదలగునవి అధికముగా కనబడినవి. 2009లో చికాగోలో ఒక పరిశోధకుడు, ఇనుము గ్రహించుశక్తి సన్నగిల్లిన బలహీనమగు ప్లేగు బాక్టీరియా సోకి మరణించెను. వంశపారంపర్యవ్యాధిచే ఆయన శరీరమున ఇనుము మితిమీఱి యున్నట్లు పిమ్మట తేలినది. ఆ లోపమును ఈ నిలువయే తీర్చియుండవచ్చునని శాస్త్రజ్ఞులు భావించిరి. అట్లని రక్తహీనతకు ఇనుము వలదనుట కాదు. లోపమున్నవారికి అది అత్యవసరము. రక్తమున ఇనుము తగ్గుటకు కారణము లేమియా, దాపఱికమా అని తేల్చుట వైద్యుని పని.

రూపకములన్నియు దోషయుక్తములు కావు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన సెఫిడెరోకాల్ అను మందు ఇనుమును పట్టుకొని, బాక్టీరియా ఇనుము కొఱకు తెఱచిన ద్వారముననే లోనికి ప్రవేశించును. దీనిని ట్రాయ్ నగరపు కొయ్యగుఱ్ఱముతో పోల్చుట యుక్తము. ఉపమానధర్మము ఉపమేయమున సంపూర్ణముగా కలదు.

పరిభాషకును ఈ పరీక్షయే ప్రమాణము కావలెను. గ్రీకున సైడిరోఫోర్ అనగా ఇనుమును మోయునది. ‘అయస్కాంతము’లో నిలిచిన ‘అయస్సు’ తెలుగువారికి కొత్త కాదు. కావున ‘అయోవాహకము’ అను మాట ‘ఇనుము దొంగ’ కంటె నిర్దుష్టము. రాష్ట్రేతర పాఠశాలలలో తెలుగున శాస్త్రము చదువు బాలురకు దొంగ కథ చెప్పినను తప్పులేదు. తాళము కథ కూడ చెప్పవలెను.