పాత పికప్పుకు టర్బో

1988 మొదలు 1994 వరకు అమెరికాలో అమ్ముడైన ఫోర్డు డీసెలు పికప్పులు కొన్ని నేటికిని నిత్యప్రయాణములకు వాడుకలో నున్నవి. వానికి టర్బోచార్జరు తగిలించుట యజమానులకొక వేడుక. ఇంజను విడుచు వేడిపొగ ఒక చక్రమును త్రిప్పును. అదే యిరుసున నున్న రెండవ చక్రము గాలిని అదిమి సిలిండరులలోనికి నెట్టును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందిన ఊహ యిదియే. వృథాగా పోవు శక్తితో బలము ఊరకనే వచ్చునందురు. ఈ మాట సగమే నిజము.

ఆ 7.3 లీటర్ల ఇంజను, టర్బో లేకయే, గాలిని 21 వంతులకు పైగా అదుమును. ముందే అదిమిన గాలి వచ్చి చేరినచో లోపలి ఒత్తిడియు వేడిమియు మరింత హెచ్చును. 1993లో కర్మాగారమే దీనికి టర్బో అమర్చినపుడు పిస్టను పిన్నులను లావు చేయవలసి వచ్చినది. అంతచేసియు ప్రకటించిన బలము 190 అశ్వశక్తులే! బజారులో దొరకు కిట్టులో పిన్నులుండవు.

కొలరాడోలోని ఐసెన్‌హోవర్ సొరంగము సుమారు 3,400 మీటర్ల ఎత్తున కలదు. అచ్చటి గాలి సముద్రతీరపు గాలికంటె నాలుగవ వంతుకు మించి పలుచన. బరువు లాగుచు ఆ కొండ నెక్కువానికి టర్బో నిజముగా మేలుచేయును, నల్లపొగయు తగ్గును. చదునైన పట్టణములో పనికి పోయివచ్చువానికి ఆ అక్కర యేది? పైపెచ్చు, పంపులోని స్క్రూ త్రిప్పి డీసెలు పెంచు ఉబలాటమొకటి. గాలికి మించి డీసెలు పోసినచో పొగ వేడెక్కి పిస్టను కరగవచ్చును. పొగగొట్టమున పైరోమీటరు లేనిదే డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. మొదట బిగింపవలసినది అదియే. స్క్రూ జోలికి పోవుట ఆ తరువాత.