కాశీయాత్ర చరిత్రయందలి నల్లమల

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర వ్యావహారికమున వ్రాయఁబడిన దినచర్య యగుటచేఁ గొందఱు పండితులు దానిని సాహిత్యగోష్ఠికిఁ జేర్ప నొల్లరు. అందలి నల్లమల ప్రయాణము మాత్రము చదివినను ఈ యాక్షేపణ మెంతవఱకు నిలుచునో తేలును.

1830 మే 18న చెన్నపట్టణము వీడిన వీరాస్వామయ్య అహోబలము, మహానంది దర్శించి, ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను మార్గమున శ్రీశైలము చేరెను. ప్రబంధోచితమైన వనవర్ణన మిందు లేదు. ప్రబంధకవి యైనచో మృగముల పేళ్లతో నొక సీసమాలిక నింపియుండును. ఇతఁడు వ్రాసినది బాట యెట్టిది, నీరెచ్చట దొరకును, చెంచు లెట్లు బ్రదుకుదురు, కందనూరి నవాబు యాత్రికులవద్ద సుంక మెట్లు గొనును అనునవియే. అడవిలో నడచినవానికే యివి తెలియును. కల్పిత శార్దూలములకంటె నీ నీటి ముచ్చటయే చదువరికి గుండె ఝల్లుమనిపించును.

లోపము లేకపోలేదు. యాత్ర పరివారముతో సాగినది గావున నొంటరి బాటసారి యడవిలో వినెడి నిశ్శబ్ద మిందు వినరాదు. మఱియు నితఁడు కొండను పడమటి దిక్కునుండియే యెక్కెను. తూర్పున గిద్దలూరు, కంభము, మార్కాపురము లున్నవి. గుండ్లబ్రహ్మేశ్వరముచెంతఁ బుట్టిన గుండ్లకమ్మ యీ వైపుననే కంభము చెఱువు నింపుచున్నది. గిద్దలూరునుండి నంద్యాలకుఁ బోవు బాట దిగువమెట్టమీదుగా నీ యడవినే చీల్చుకొని సాగును. 1983లోఁ బులుల రక్షితారణ్య మేర్పడిన నల్లమల యిదియే. మార్కాపురపుఁ జదువరి తన కొండను 1838లో నచ్చైన యీ గ్రంథమున వెదకినచో దాని వీపు మాత్రమే కానవచ్చును.