రాతిలోంచి రావలసిన లావు అక్షరం

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వచ్చేవాళ్లు స్తంభాల నునుపు చూస్తారు, నందిని చూస్తారు. కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం దగ్గర ఆగేవాళ్లు తక్కువ. కాకతీయులు స్వతంత్రులయ్యారని చాటిన 1163 నాటి శాసనమది. భాష చాలావరకు సంస్కృతం; లిపి మాత్రం తెలుగు, కన్నడం ఇంకా విడిపోని కాలపు మన లిపి. చరిత్రకారులు దాన్ని రాజుల వరస కోసం చదివారు. అక్షరాల ఒడ్డూపొడుగుల కోసం కూడా దాన్ని చదవాలి.

రాతి అక్షరం రూపం ఉలి పనిలోంచే వస్తుంది. రెండు వైపుల నుంచి ఏటవాలుగా చెక్కిన గాడిలో లోతు పెరిగితే వెడల్పూ పెరుగుతుంది. గీత చివర ఉలిని అడ్డంగా దించి ముగిస్తే అక్కడ కొస విచ్చుకుంటుంది. బల్లపరుపు కుంచెతో గోడ మీద రాసే పెయింటరుకూ ఇది తెలుసు: చివర కుంచెను కాస్త అదిమితే గీత పరుచుకుంటుంది. రోమ్‌లో 113 నాటి ట్రాజన్ స్తంభం మీది అక్షరాలను ముందు కుంచెతో రాసి తర్వాతే చెక్కారని అక్షరశిల్పి ఎడ్వర్డ్ కాటిచ్ 1968లో వాదించాడు. అక్షరాల కొసలకు ఆ రూపం కుంచె నుంచే వచ్చిందన్నాడు.

ఇలా కొసలు విచ్చుకునే లావు అక్షరాలకు ఇంగ్లిష్ అచ్చులో మంచి పేరుంది. ఫాంట్ల రూపకర్త బెర్తోల్డ్ వోల్పె కంచు పలకల మీద చెక్కిన అక్షరాల నుంచే ఆల్బర్టస్ ఫాంటు పుట్టింది. లండన్ సిటీ వీధుల పేర్ల పలకలపై ఇప్పటికీ కనిపిస్తుంది. మరో రూపకర్త హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచె చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు చూసి, చేతిలో కాగితం లేక కరెన్సీ నోట్ల మీదే బొమ్మ గీసుకున్నాడు. 1958లో వచ్చిన ఆప్టిమా ఫాంటుకు అదే మొదలు.

తెలుగుకు అదే పని చేయడం అంత తేలిక కాదు. లావు చేయగానే మన అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. 'ఘ', 'క్ష', 'శ్రీ' చూడండి, లోపలి సందులు ఎంత చిన్నవో! కింద ఒత్తు చేరితే వరసల మధ్య చోటూ చాలదు. గీతనంతా ఒకేలా లావు చేసే ఫాంట్లు ఇక్కడే తడబడతాయి. బరువును బయటి వంపుకూ కొసలకూ ఇచ్చి, లోపలి ఖాళీని కాపాడుకోవాలి. తలకట్టు అందుకు అనువైన చోటు. కన్నడంలో అది అడ్డంగానే ఉండిపోయింది, తెలుగులో ఏటవాలుగా పైకి లేచింది. ఆ పైకొసను కొద్దిగా వెడల్పు చేస్తే అక్షరానికి నిబ్బరం వస్తుంది. మరి తలకట్టే లేని ఖ, జ, ట, ణ, బ, ల మాటేమిటి? వాటి కొసలే విచ్చుకోవాలి. లేకపోతే ఒకే మాటలో కొన్ని అక్షరాలు బక్కచిక్కి కనిపిస్తాయి. అసలు పరీక్ష ఇక్కడే.

తెలుగులో ఫాంట్లు లేకపోలేదు. కవి బమ్మెర పోతన పేరుతో 'పోతన 2000' ఉంది. శీర్షికల కోసం సిలికానాంధ్ర విడుదల చేసిన 'రామభద్ర' ఉంది. నాకు కావలసింది మాత్రం కాకతీయుల రాతి అక్షరాన్ని వెంటబెట్టుకొచ్చే లావు ఫాంటు. అలాంటి ఫాంటు పేరాలకు పనికిరాదు, నాలుగు వరసలకే కన్ను అలసిపోతుంది. పుస్తకం అట్ట, సినిమా పేరు, కోట దారి చూపే బోర్డు: రెండు మూడు మాటలుండి, చుట్టూ చోటు ఉన్నచోట దీనికి సాటి లేదు.

ఈ ఫాంటు చేయదలచినవాళ్లు కంప్యూటర్ తెరిచే ముందు తడి కాగితం అద్ది తీసిన శాసనాల నకళ్లు చూడాలి. పాలంపేటలో రామప్ప గుడి పక్కనే మండపంలో నిలిచిన 1213 నాటి కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి శాసనం కూడా చూడాలి. అక్కడి 'క'నూ 'ర'నూ ముందు చేత్తో గీసుకుని, ఆ తర్వాత ఒత్తుల పని పట్టాలి.