వలయంలో సిలికాన్

లినెజోలిడ్ మొండి బాక్టీరియాపై వాడే యాంటీబయాటిక్. దాని అణువులో ఒక కొసన ఆరు పరమాణువుల మార్ఫోలిన్ వలయం ఉంటుంది. అందులో నైట్రోజన్‌కు సరిగ్గా ఎదురుగా ఆక్సిజన్ ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను తీసి రెండు మిథైల్ గుంపులున్న సిలికాన్‌ను పెడితే అది అజాసిలినేన్ వలయం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన డాక్టర్ డి. శ్రీనివాసరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో తన బృందంతో ఈ మార్పు చేసి, 2015లో ఫలితాలు ప్రచురించారు. సిలికాన్ చేరిన రూపాలు మెదడుకు మెరుగ్గా అందాయి. 2022లో ఆయన హైదరాబాద్ తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)కి డైరెక్టర్‌గా వచ్చారు.

సిలికాన్‌కూ కార్బన్‌లాగే నాలుగు బంధాలు. అయితే కార్బన్-కార్బన్ బంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లైతే, సిలికాన్-కార్బన్ బంధానిది సుమారు 1.87. అందువల్ల వలయం కాస్త సాగుతుంది. ఆక్సిజన్ పోయి మిథైల్ గుంపులు రావడంతో కొవ్వులో కరిగే గుణం పెరుగుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటడానికి ఈ గుణం సాయపడుతుంది.

ఈ వలయానికి ఒక దారి, సిలికాన్‌కు రెండు మిథైల్, రెండు వినైల్ గుంపులున్న డైమిథైల్‌డైవినైల్‌సిలేన్‌తో మొదలవుతుంది. 1933లో ఖరాష్, మేయో వెల్లడించిన పెరాక్సైడ్ ప్రభావమే ఇక్కడ ఆధారం. బెంజాయిల్ పెరాక్సైడ్ విడిపోయి జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్కలు, అంటే రాడికల్స్ పుడతాయి. అవి హైడ్రోజన్ బ్రోమైడ్ నుంచి హైడ్రోజన్‌ను లాక్కోగానే బ్రోమిన్ రాడికల్ వెలువడుతుంది. అది వినైల్ కొస కార్బన్‌కు అతుక్కుంటుంది. జత లేని ఎలక్ట్రాన్ సిలికాన్ పక్క కార్బన్‌పై నిలుస్తుంది. ఆ కార్బన్ మరో హైడ్రోజన్ బ్రోమైడ్ అణువు నుంచి హైడ్రోజన్ తీసుకుంటే ఇంకో బ్రోమిన్ రాడికల్ పుడుతుంది. గొలుసు ఇలా సాగుతుంది కాబట్టి పెరాక్సైడ్ కొద్దిగా ఉంటే చాలు. సిలికాన్ రెండు వినైల్ చేతులకూ బ్రోమిన్ చేరాక, ప్రైమరీ అమీన్ ఆ రెండింటినీ తొలగించి వలయాన్ని మూస్తుంది.

ఇందులో మెలకువ అవసరమైన చోటు ఒకటుంది. సిలికాన్ నుంచి రెండో కార్బన్‌పై బ్రోమిన్ ఉన్న అణువు నిలకడ లేనిది. వేడి గానీ క్షారం గానీ మితిమీరితే ఇథిలీన్ వాయువు వెళ్లిపోయి, వలయం కావలసిన చెయ్యే ఊడిపోతుంది. ఈ దశలో తొందర పనికిరాదు. నైట్రోజన్ వలయాలను కట్టడానికే జ్యూరిక్‌లో జెఫ్రీ బోడె బృందం రూపొందించిన స్లాప్ పద్ధతిలో మాత్రం సిలికాన్ పాత్ర వేరు. కాంతితో నడిచే ఆ చర్యలో సిలికాన్ గుంపు విడిపోయి రాడికల్‌ను ఇస్తుంది. చివరి నైట్రోజన్ వలయంలో అది మిగలదు.

ఈ రసాయనం హైదరాబాద్ మందుల పరిశ్రమకూ సంబంధించినదే. శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో మందులకు ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడి నుంచి విదేశాలకు వెళ్లే సరుకు వెనుక జెనెరిక్ మందుల తయారీలో హైదరాబాద్ సంపాదించిన నేర్పు ఉంది. తెలిసిన మందులో ఒక్క పరమాణువు మార్చి కొత్త గుణం రాబట్టడం ఆ నైపుణ్యానికి అందుబాటులో ఉన్న తర్వాతి మెట్టు. అయితే సిలికాన్ చేరినది కొత్త మందే. దాని విషప్రభావాన్ని, శరీరంలో అది మారే తీరును, రోగికి కలిగే మేలును మొదటి నుంచీ పరీక్షించాల్సిందే.