కార్తెకో పాఠం

జూన్ 12 వచ్చేస్తోంది. బళ్ళు తెరిచే రోజు. యూనిఫాంలు కుట్టించడం, పుస్తకాలకు అట్టలు వేయడం, బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం, ఇంటింటా ఇదే హడావుడి. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న మాబోటి వాళ్ళని ఈ రోజుల్లో అందరూ అడిగే మాట ఒకటుంది: "మరి మీకు చదువు ఎప్పుడు మొదలు?" ఏటా నా జవాబు ఒకటే. మిరుగు నాడు.

మృగశిర కార్తెను మా వైపు మిరుగు అంటారు. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలు దాటుతాడు. ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. దుక్కి ఎప్పుడు, విత్తు ఎప్పుడు, కలుపు ఎప్పుడు అన్న లెక్కలన్నీ రైతులు ఈ కార్తెలతోనే వేసుకున్నారు. గోడ మీది క్యాలెండర్లలో ఇప్పటికీ కార్తె మారే రోజును అచ్చు వేస్తున్నారు. ఇంటి చదువుకు ఇంతకన్నా మంచి ప్రణాళిక నాకు దొరకలేదు. ఒక విషయాన్ని పట్టుకుని కూర్చోవడానికి రెండు వారాలు చాలు. పిల్లలకు విసుగు పుట్టేలోగా కాలమే విషయాన్ని మారుస్తుంది.

ఇంటి చదువు మొదలుపెట్టిన కుటుంబాలు చాలావరకు బడి టైంటేబుల్‌నే హాల్లోకి తెచ్చుకుంటాయి. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి సైన్సు, పదకొండింటికి తెలుగు. ఎన్నో తరగతులు, కొద్దిమంది ఉపాధ్యాయులు ఉన్న చోట అలా గంటలు పంచుకోక తప్పదు. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. బడికి దొరకని వెసులుబాటు మనకు ఒకటుంది. ఒక ప్రశ్నకు జవాబు కోసం పిల్లలతో కలిసి ఆర్నెల్లయినా ఆగవచ్చు.

మృగశిరతోనే చెబుతాను. కార్తె రాగానే పిల్లలు అడుగుతారు, "ఆ నక్షత్రం ఏదమ్మా, చూపించు" అని. జూన్‌లో చూపించలేం. సూర్యుడు ఇప్పుడు ఉన్నది ఆ వైపే. కాబట్టి మృగశిర పగలే ఉదయించి, పగలే అస్తమిస్తుంది. ఈ మాట చెప్పి ఊరుకుంటే అదొక సమాచారం. నోట్సులో ప్రశ్న రాయించి, మార్గశిర మాసం దాకా ఆగితే అది చదువు. మార్గశిర పౌర్ణమి రాత్రి నిండు చంద్రుడు మృగశిర పరిసరాల్లోనే ఉంటాడు. వెన్నెల తగ్గాక మరో రాత్రి పిల్లల్ని డాబా మీదికి తీసుకెళితే తూర్పున ఒరాయన్ మండలం కనపడుతుంది. వరసగా మూడు చుక్కలు, ఒక పక్కన ఎర్రటి ఆర్ద్ర, ఇంకొంచెం పైన రోహిణి. ఆర్ద్ర, రోహిణి, మృగశిర అన్నీ వేసవి, తొలకరి కార్తెల పేర్లే కదా, చలికాలం రాత్రుల్లో ఎందుకు కనపడుతున్నాయి? భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న వాక్యం పిల్లలు పుస్తకంలో ఎప్పుడో చదివి ఉంటారు. వాళ్ళకు అది నిజంగా అర్థమయ్యేది ఆ రాత్రి.

మిరుగులో మా ఇంట్లో మొదటి పాఠం చెప్పేది మా అత్తమ్మ. విత్తే ముందు నూరు కందిగింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెసంచి మీద పరిచి, చుట్టి నీడలో పెడుతుంది. మొలకలు వచ్చాక పిల్లలతో లెక్క పెట్టిస్తుంది. "ఎనభై మొలిస్తే ఫికరు లేదు బిడ్డా, డెబ్బైకి దిగితే ఇత్తనం మార్చాలె" అంటుంది. మా చిన్నవాడికి అది వంద దాకా లెక్కపెట్టే ఆట. పెద్దమ్మాయికి శాతాల లెక్క. మాకు మాత్రం ఆ ఏడు ఏ విత్తనం వేయాలన్న నిర్ణయం. లెక్కల పుస్తకంలో శాతాలకు ఉదాహరణలు చాలా ఉంటాయి. జవాబు తప్పితే పొలం బోసిపోతుందన్న బరువు మాత్రం ఏ ఉదాహరణకూ ఉండదు.

తర్వాత వాన. పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న గాజు గ్లాసు ఒకటి, స్కేలు ఒకటి చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా, ఆరుబయట గ్లాసు పెట్టాలి. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు వాన లెక్క తీస్తుంది కాబట్టి మనమూ ఆ వేళకే చూడాలి. రెండున్నర మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే ఆ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కవేస్తుంది. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్ళు. వెయ్యి చదరపు అడుగుల డాబా సుమారు 93 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ డాబా మీద పడ్డ నీళ్ళు 930 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లతో 62 బకెట్లు. ఈ లెక్క తేల్చిన పిల్లలు డాబా గొట్టం నుంచి కాలువలో కలిసే నీళ్ళను చూసి ఊరుకోరు, ఇంకుడు గుంత ఎందుకు లేదని మనల్నే నిలదీస్తారు. మన గ్లాసులోని అంకెకూ పేపర్లో పడ్డ అంకెకూ తేడా వచ్చిన రోజు ఇంకో పాఠం. వాన ఊరంతటా ఒకేలా కురవదు.

22న ఆర్ద్ర వస్తుంది. తొలి వానలకు నేల మీద ఎర్రని ఆరుద్ర పురుగులు కనపడే రోజులు. అరచేతిలోకి తీసుకుని కాళ్ళు లెక్కపెట్టనివ్వండి. ఎనిమిది ఉంటాయి. ఆరు కాళ్ళుంటే కీటకం అని చదువుకున్న పిల్లలు ఆగి ఆలోచిస్తారు. ఇది సాలీడుకు చుట్టం. చూశాక దొరికిన చోటే వదిలేయాలి, అగ్గిపెట్టెలో దాచకూడదు. ఈ నియమం కూడా పాఠంలో భాగమే.

ఏడాది పొడుగునా సాగే పని ఒకటి చెబుతాను. మీటరు పొడవున్న కర్రను నిటారుగా పాతి, ప్రతి కార్తె మొదటి రోజు మిట్టమధ్యాహ్నం దాని నీడ కొన దగ్గర గుర్తు పెట్టండి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ ఆ నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు గనక మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికే. డిసెంబరు 21, 22 తేదీల్లో నీడ అన్నిటికన్నా పొడవు, మీటరు కర్రకు దాదాపు 86 సెంటీమీటర్లు. అప్పటి నుంచి నీడ తగ్గడం మొదలైతే, ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14న ఎందుకు అని పిల్లలు అడగాలి. అడిగేదాకా చెప్పకండి. భూమి అక్షం నెమ్మదిగా దిశ మారుతూ ఉండటంతో నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. ఆ తేడా ఇప్పటికి మూడు వారాలు దాటింది. కర్రా నీడా కలిసి పిల్లల్ని ఇంత దూరం తీసుకెళతాయి.

ఏటా అవే కార్తెలు, అవే పండుగలు, చెప్పిందే చెప్పడం కాదా అని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తారు. కార్తె అదే వస్తుంది గానీ పిల్లలు ఒక ఏడు పెరిగి ఉంటారు. వినాయక చవితి పత్రినే తీసుకోండి. ఆరేళ్ళప్పుడు మరువం వాసన, రావి ఆకు కొన, గరిక మొన తెలిస్తే చాలు. తొమ్మిదేళ్ళకు ఏ ఆకు కొమ్మకు ఎదురెదురుగా వస్తుందో, ఏది ఒకటి విడిచి ఒకటి వస్తుందో గీయాలి. పన్నెండేళ్ళకు జిల్లేడు పాలు, గన్నేరు, ఉమ్మెత్త ఎందుకు విషమో చదవాలి. ఏ వయసు వాళ్ళయినా వీటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాల్సిందే, నోట్లో పెట్టకూడదు. బతుకమ్మ కూడా అంతే. చిన్నప్పుడు తంగేడు, గునుగు పువ్వులు గుర్తుపట్టడం, పెద్దయ్యాక ఒక్కో వరుసకు ఎన్ని పువ్వులు తగ్గుతూ వస్తున్నాయో లెక్క కట్టడం, ఆపైన గునుగు చేలల్లోనే ఎందుకు మొలుస్తుందో, కలుపు మందులు కొట్టిన చోట ఏమవుతుందో రైతును అడగడం. మూడు వయసులకు మూడు పాఠాలు.

కాలం అన్నీ నేర్పదు. ఎక్కాలు, ఒత్తులు, ఇంగ్లిషు స్పెల్లింగులు ఏ కార్తెలోనూ వాటంతట అవి రావు. వాటికి రోజూ ఉదయం కొంత సమయం తీసి పెట్టాల్సిందే, అందులో సడలింపు ఉండకూడదు. పిల్లలు వానలో తడుస్తూ గెంతుతున్నప్పుడు మాత్రం మిల్లీమీటర్లు అడగకండి. ప్రతి సంతోషాన్నీ పాఠం చేయాలన్న ఆరాటం పెద్దవాళ్ళు అదుపులో పెట్టుకోవాలి.

పరీక్షల మాట కూడా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువును హక్కుగా ఇచ్చింది. ఇంటి చదువు గురించి మాత్రం విడిగా ఏమీ చెప్పలేదు. ఆ దారి పట్టినవాళ్ళు పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా గానీ, మన రెండు రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాల ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఆ గడువు దృష్టిలో పెట్టుకుని, రాష్ట్ర పాఠ్యపుస్తకాలను పక్కనే ఉంచుకోవడం మంచిది. ఏ కార్తెలో ఏ పాఠం తగిలిందో పుస్తకంలో గుర్తు పెట్టుకుంటూ పోతే, మిగిలిపోయినవి ఏవో ఫాల్గుణానికల్లా తెలుస్తాయి.

పిల్లల్ని బడికి పంపేవాళ్ళకూ ఇందులో పనికొచ్చేది ఉంది. వారానికి ఒక ఆదివారం చాలు. కర్ర, గ్లాసు, రెండు వందల పేజీల నోట్సు, ఇంతకు మించి కొనాల్సింది లేదు. ఈ ఏటి తొలకరి తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, అప్పటికి పిల్లలకు ఈ వయసు ఉండదు. అందుకే ఈ 22 మధ్యాహ్నం మీ పిల్లల చేత కర్ర పాతించండి, నీడ ఎటు పడిందో వాళ్ళ చేతనే రాయించండి.